కల్దారు, హాలీ, పిడికెడు బియ్యము

కాజీపేటనుండి విజయవాడకు పోవు రైలుదారిలో మానుకోట దాటిన పిమ్మట వచ్చు డోర్నకల్లు నేడు మహబూబాబాదు జిల్లాలోని యొక చిన్న పట్టణము. ఇల్లెందు బొగ్గుగనుల దారి చీలు కూడలిగా దానిని ప్రయాణికు లెరుగుదురు. తెలుగు క్రైస్తవులకు అది పీఠస్థానము. పరదేశమున కాపురముండుట యనగా నేమో, అట్టి కాపురమునకు ఏ రీతిని ఎంత వెల చెల్లింపవలసివచ్చునో విచారింపగోరువానికి గూడ ఈ యూరి గతచరిత్ర మిక్కిలి విలువైనది. పరదేశమనగానే నేడు మన తలపునకు దుబాయియో అమెరికాయో వచ్చును గాని, నూరేండ్లకు పూర్వము తిరునెల్వేలినుండి డోర్నకల్లునకు వచ్చినవాడును పరదేశియే. అతడు సముద్రము దాటలేదు. కాని రాజ్యము దాటెను, నాణెము దాటెను, కాలగణనము దాటెను, కచ్చేరీ భాష దాటెను, న్యాయస్థానము దాటెను.

అతనికంటె ముందుగా ఈ ప్రాంతమునకు పరదేశులను కొనివచ్చినది బొగ్గు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొనెను. 1886లో లండనులో నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ నిజాము రాజ్యమందలి ఖనిజములను త్రవ్వుకొనుటకు తొంబదితొమ్మిది సంవత్సరముల హక్కును సంపాదించెను. ఆ హక్కు చేతులుమారిన తీరును, వాటాల అమ్మకమున నిజాము అధికారియగు సర్దారు అబ్దుల్ హక్కు నడపిన వ్యవహారమును గూర్చి 1888లో ఇంగ్లండు కామన్సు సభ విచారణసంఘమునే నియమింపవలసివచ్చెను. 1889 నాటికి ఇల్లెందున త్రవ్వకము సాగుచుండెను; ఆ బొగ్గును మోయుటకు డోర్నకల్లునుండి శాఖామార్గమును వేసిరి; అంతట ఈ పల్లె జంక్షనైనది. ఇట్లు మొదట వచ్చిన పరదేశి కాగితముపై హక్కును వ్రాయించుకొని, తొంబదితొమ్మిదేండ్ల భరోసాతో వచ్చినవాడు. అతడు కచ్చేరీ ముందు చేతులు కట్టుకొని నిలువవలసిన యక్కర లేకుండెను.

రైలు వచ్చినచోట నేల యొకరిది, అధికార మొకరిది యయ్యెను. పట్టాలు పరచిన భూమి నిజాముదే యైనను, దానిపై రైల్వే వ్యవహారములకు వలసిన అధికారమును ఆయన ఆంగ్లప్రభుత్వమునకు విడిచియుండెను. కావున స్టేషను కంచెకు లోపల నొక చట్టము, వెలుపల నొక చట్టము. ఈ చిక్కు ఎంతవరకు పోవునో శంకరపల్లి స్టేషనులో జరిగిన యొక సంగతి వలన తెలియును. ఎక్కడనో సిమ్లాలో జారీయైన వారంటును పట్టుకొనివచ్చి అచ్చట నొకనిని నిర్బంధింపగా, ఆ వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయెను. రైలునేల నిజాము రాజ్యములోనిదే యనియు, రైల్వే పాలనతో సంబంధములేని నేరమునకు అచ్చట మనుష్యుని పట్టుకొనుట చెల్లదనియు 1897లో తీర్పు వెలువడెను. పరదేశవాసి తాను నిలిచిన జానెడు నేలపై ఎవరి చట్టము నడచునో ముందుగా తెలిసికొననిదే అడుగు వేయరాదను సత్యమును ఆనాటి రైలుదారిలోని ప్రతి స్టేషనును చాటుచుండెననవచ్చును.

ఇట్టిచోటికి వచ్చిన రెండవ జాతి పరదేశుల కథయే ఈ వ్యాసమునకు ప్రాణము. 1902లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య, అప్పటికి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా నుండిన యువకుడు, యాళ్పాణము (జాఫ్నా) పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో పరప్రాంతములకు ప్రచారకులను పంపుచుండుట చూచెను. తిరునెల్వేలి క్రైస్తవులు సంఖ్యలో నెక్కుడైయుండియు ఇట్టి పనికి పూనుకొనలేదను లజ్జ ఆయనను నిలువనీయలేదు. 1903 ఫిబ్రవరి 12న పాలయంకోటలో తిరునెల్వేలి భారత మిషనరీ సంఘము స్థాపితమయ్యెను. భారతీయ మనుష్యులు, భారతీయ ధనము, భారతీయ నిర్వాహము, ఈ మూడింటిని విడువరాదని ఆ సంఘము మొదటినుండియు నియమము పెట్టుకొనెను. మరుసటి యేట శామ్యూల్ పాక్యనాథన్ అను వారిని తొలి మిషనరీగా నిజాము రాజ్యమందలి తెలుగుసీమకు పంపిరి. 1909లో అజరయ్య తాను గూడ గురువుగా అభిషిక్తుడై డోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, ఎద్దుబండిపైనను కాలినడకను పల్లెలు తిరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింటు పాల్ దేవాలయమున ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయు డాయనయే.

ఇప్పుడు వారి జమాఖర్చులను చూతము. నేడు పరదేశమునకు పోయినవాడు ఇంటికి సొమ్ము పంపును. డోర్నకల్లు తమిళుల విషయమున సొమ్ము ఎదురునడచినది. ఇంటనున్నవారు పరదేశమునందున్నవానికి పంపిరి. తిరునెల్వేలిలోని తాటితోపుల పల్లెల జనులు తమ దినవ్యయమునుండి మిగిల్చిన కాసులతో, తాము కన్నెత్తియెన్నడును చూడని వరంగల్లు ప్రాంతపు అడవిపల్లెలలో తమవారిని పోషించిరి. ఆ సొమ్ము ఇంగ్లీషు ప్రభుత్వపు రూపాయలలో పోగయ్యెడిది. దానికి తెలంగాణమున కల్దారు అని పేరు. నిజాము రాజ్యపు రూపాయ హాలీ సిక్కా. నూరు కల్దారులకు ఇంచుమించుగా నూటపదునారు రూపాయల పదియణాల ఎనిమిది పైల హాలీ వచ్చును. అనగా ఆరు కల్దారులకు ఏడు హాలీలు. స్టేషనులో టిక్కెట్టునకొక నాణెము, అంగడిలో బియ్యమునకొక నాణెము, జీతమొక నాణెములో, ఖర్చొక నాణెములో. కల్దారు ధనము గలవానికి నూటికి పదునారు అదనముగా కానవచ్చుటచే ఇది లాభమని తోచును గాని, అంగడిలోని ధరలు హాలీ లెక్కననే నిలిచియుండుటచే ఆ లాభము మాటలలోనిదే.

నిజమైన నష్టము రెండుసార్లు నాణెము మార్చుకొనువానిది. ఇంగ్లండునుండి పౌనులలో వేతనము పొందు మిషనరీకి 1899 తరువాత పౌనునకు పదునైదు కల్దారులు, అనగా పదునేడున్నర హాలీలు వచ్చుచుండెను. మొదటి ప్రపంచయుద్ధపు తుది దినములలో వెండి ధర మింటికెగసినది. రూపాయ విలువయు దానితోపాటే యెగసినది. 1920లో పౌనుకు పది రూపాయలైనను రాని రోజులు వచ్చినవి. పిమ్మట రూపాయ మరల పడినది; 1927 చట్టమున పౌనునకు పదుమూడు రూపాయల ఐదణాల నాలుగు పైల రేటు స్థిరపడినది. ఆ మధ్యకాలమున లండనులో ఎవ్వరును జీతము తగ్గింపకున్నను, పౌనుల జీతముపై బ్రదుకువాని చేతికి వచ్చు రూపాయలు మూడవవంతుకుపైగా తగ్గినవి. అదే సమయమున బియ్యము, గుడ్డ, కిరసనాయిలు ధరలు పెరిగినవి. 1918 విషజ్వరము ఇంటింట దిగినది. తిరునెల్వేలి ధనముతో బ్రదుకు మిషనరీకి ఈ పౌనుదెబ్బ తగులలేదు. భారతీయ ధనము తప్ప ముట్టరాదని అజరయ్య మొదలగువారు పెట్టుకొన్న నియమము ఆత్మగౌరవమునకై పుట్టినది. ఆపత్కాలమున అది ఆర్థికరక్షగా గూడ పనిచేసినది.

వారి ధనార్జనలో పిడికెడు బియ్యపు పద్ధతియును గలదు. గృహిణి వంటకు బియ్యము కొలుచునప్పుడు ఒక పిడికెడు తీసి వేరుకుండలో వేయును. వారాంతమున ఆ బియ్యము దేవాలయమునకు చేరును. ఈ యాచారమును డోర్నకల్లు అధ్యక్షమండలములోని నిరుపేద పంచమ కుటుంబములలో గూడ అజరయ్య నాటెను. ఇచ్చుటయును ఆరాధనయే యని ఆయన బోధించెడివాడు. క్రైస్తవదానమును గూర్చి గ్రంథమే వ్రాసెను. దీని ఆర్థికధర్మమును నేను ప్రత్యేకముగా మెచ్చుకొందును. రూపాయ విలువ పడిపోయినను పిడికెడు పిడికెడే; యుద్ధకాలమున బియ్యము ధర పెరిగిన, కుండలోని బియ్యపు ధరయు పెరుగును. అయితే దీనికి రెండవ పక్కయు గలదు. ధర పెరిగిననాడు కూలివాని ఇంట కుండలోనికి పోవలసిన పిడికిలి చిక్కిపోవును. 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యమున పంటధరలు కూలినప్పుడు పిడికిలి నిండుగానే యున్నను దాని వెల సన్నగిల్లును. దినకూలి కుటుంబములు ఈ రెండు విధముల కష్టములను ఓర్చి తమ గురువులను పోషించిన సంగతిని మన చరిత్రకారులు తగినంతగా వ్రాయలేదు. పరదేశవాసపు వెలను నిజముగా చెల్లించినవారిలో ఆ వేరుకుండ పెట్టిన గృహిణులే ముందువరుసలో నిలువదగినవారు.

క్రమముగా ఇంగ్లీషువారి పాలనలోని కృష్ణా, గోదావరి ప్రాంతపు సంఘములు గూడ డోర్నకల్లు మండలమున చేరుటతో, అధ్యక్షుని పీఠమొక రాజ్యమున, ఆయన ప్రజలలో పెక్కుమంది వేరొక రాజ్యమున నుండవలసివచ్చినది. మధిర, ఎర్రుపాలెములు దాటి కొండపల్లి చేరుసరికి నాణెము మారును. సరుకులకు కరోడ్‌గిరి సుంకము. 1802 నాటి వర్తకసంధినుండియు నూటికి ఐదు వంతున నడచిన సుంకమది. కచ్చేరీ కాగితములు ఉర్దూలో, తేదీలు ఫసలీ శకములో. 1909 మధ్యభాగమున డోర్నకల్లు కాలుమోపినవాడు అక్కడ 1318వ యేట అడుగుపెట్టెను. ఆజూరు మాసముతో అక్టోబరులో కొత్తయేడు వచ్చును. ఇవి చిన్నవిషయములుగా దోచును. కాని దరఖాస్తుపై తేదీ తప్పుపడినవానికి, చౌకీ దగ్గర మూటలు విప్పినవానికి చిన్నవి గావు.

ఈ నడుమ నిబంధనలు గూడ మారుచుండెను. నిజాము ప్రభుత్వము 1920ల మధ్యకాలమున ఖాన్గీ (ప్రైవేటు) పాఠశాలలకు ముందు అనుమతి తప్పనిసరి చేసినది. సభలు జరుపుటకు గష్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు అడ్డుపడినది. కాని పరదేశికి అన్నిటికంటె ముఖ్యమైన చట్టము ముల్కీ నిబంధనలు. ఉత్తరహిందూస్థానమునుండియు, మదరాసునుండియు వచ్చినవారితో కొలువులు నిండుచున్నవని నాటివారు మొరపెట్టుకొనగా, రాజ్యపు ఉద్యోగములు ముల్కీలకే, అనగా ఆ రాజ్యమువారికే, యను నియమము పుట్టినది. 1919లో అది స్పష్టరూపము దాల్చినది. దాని ప్రకారము బయటివాడు ముల్కీ కావలెనన్న రాజ్యములో పదునైదేండ్లు స్థిరనివాసముండవలెను. తన పూర్వస్థలమునకు తిరిగిపోవు తలంపును విడిచితినని మేజిస్ట్రేటు సమక్షమున ప్రమాణపత్రము వ్రాసియీయవలెను.

ఈ నియమమును నేను నిర్దయమైనదని తలపను. స్థానికుని అన్నము స్థానికునికి దక్కవలెనన్న కోరిక న్యాయమైనది. వరంగల్లు యువకులు తమ యూరి కొలువులు పరులపాలగుట చూచి క్రుంగియుండిరి. అంతకంటె గమనింపదగినది, ఆ చట్టము తలుపు మూయలేదు. ఎంతకాలముంటే తనవాడగునో, ఏమి విడువవలెనో, ఎవని యెదుట చెప్పవలెనో అది స్పష్టముగా చెప్పినది. పరదేశవాసిని ధరలపెరుగుదల క్రుంగదీయును. కాని అతనిని వెళ్లగొట్టునది రేపు ఏమి మారునో తెలియని శాసనము.

అట్టి శాసనపు బాధ ఎట్టిదో ఆ కాలముననే బర్మాలోని తెలుగువారు అనుభవించిరి. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము రేవులనుండి రంగూనుకు పోయి ఓడరేవులలో బస్తాలు మోసిన వేలకొలది కూలీలకు అది పరదేశమను తలంపే లేకుండెను. రెండును ఒకే పాలనలోనివి. 1930లో రంగూను రేవున బర్మీయులకును వారికిని రక్తపాతము జరిగినది. 1937 ఏప్రిలు 1న బర్మా భారతదేశమునుండి విడిపోగా, పడుకొని లేచుసరికి వారు పరదేశులైరి. 1941లో వలసలను కట్టడిచేయు ఒడంబడిక వచ్చెను. మరుసటి యేట జపాను దండయాత్రతో కొండదారుల వెంట లక్షలకొలది జనులు కాలినడకను పారిపోయిరి. అచ్చట తిరిగి నిలద్రొక్కుకొన్నవారి దుకాణములను 1964లో నె విన్ ప్రభుత్వము జాతీయము చేసినది. ఏబది, నూరు చ్యాట్ల నోట్లను రద్దుచేసినది. దాచుకొన్నది ఒక్కనాడు కాగితమైపోయినది. తలుపు ఎటువైపు తెరచుకొనునో తెలియని యింట కాపురమట్టిది.

డోర్నకల్లున అట్టి గతి పట్టలేదు. అజరయ్య ముల్కీ పత్రము వ్రాసెనో లేదో యను విచారము ఇచ్చట అక్కరలేదు. తిరిగిపోవు తలంపును ఆయన విడిచెననుటకు ఆ యూరి దేవాలయమే సాక్ష్యము. హిందూదేవాలయపు స్తంభములు, ముసల్మానుల గుమ్మటములు, క్రైస్తవ సిలువ కలిసిన ఆ కట్టడము రెండు దశాబ్దములకు పైగా సాగినది. కరవులు, యుద్ధధరలు, మాంద్యము దానిని మధ్యమధ్య నాపినవి. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠితమయ్యెను. పరాయి శైలిని అరువుతెచ్చికొనక ఈ నేల శైలులను కలిపి కట్టింపవలెనని ఆయన పట్టుబట్టుట, ఇచ్చట నుండదలచినవాడు చేయదగిన పని. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లుననే కన్నుమూసెను. అప్పటికి ఆ మండలమున క్రైస్తవులు రెండు లక్షలకు పైబడియుండిరి. 

పిదప సరిహద్దులు వడివడిగా చెరగిపోయినవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘము ఏర్పడినది; మరుసటి సంవత్సరము సెప్టెంబరులో నిజాము రాజ్యము భారతదేశమున కలిసెను. హాలీ సిక్కా, కరోడ్‌గిరి, ఫసలీ కచ్చేరీలు ఒకదాని వెంట నొకటి పోయినవి. ముల్కీ నిబంధనలు మాత్రము మిగిలినవి. 1952లో హైదరాబాదులో ముల్కీ ఉద్యమము రేగినది; ఆంధ్రప్రదేశమేర్పడిన పిమ్మట 1957 శాసనము తెలంగాణ ఉద్యోగములకు పదునైదేండ్ల నివాసమును విధింపగా, దానిని 1969లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. 1972 అక్టోబరు 3న అదే న్యాయస్థానము పూర్వపు ముల్కీ నిబంధనలు చెల్లుననెను. మరుసటి యేట ఆ నిబంధనలే రద్దై, రాజ్యాంగమున 371డి అధికరణము చేరినది. ఒకప్పుడు పరరాజ్యస్థునిగూర్చి పుట్టిన మాట సొంతభాషవారల నడుమనే గీతగా మిగిలిపోయిన ఈ చరిత్ర బాధాకరమైనది. దాని ఫలితములు ఈనాటి తెలంగాణ రాష్ట్రావతరణము వరకు సాగినవి.

ఇప్పుడు నాణెము తిరుగబడినది. ఉత్తర తెలంగాణ జిల్లాలనుండి, జగిత్యాల, కరీంనగరు, నిజామాబాదు, సిరిసిల్లలనుండి వేలమంది గల్ఫు దేశములకు పోయిరి. దేశము విడుచునపుడే 1983 వలసచట్టము వారి పాస్‌పోర్టుపై కన్నువేయును. పదవతరగతి గడవనివాడు వలసాధికారి అనుమతి పొందినగాని గల్ఫునకు కూలిగా పోరాదు. గల్ఫులో కూలివాని రక్షకుడు, అధికారి, న్యాయమూర్తి అంతయు యజమానియే యగు కఫాలా పద్ధతి చిరకాలము నడచినది. సౌదీ అరేబియా 2017 జూలైనుండి పరదేశీయుల కుటుంబీకులపై తలకు నెలకు నూరు రియాళ్ల రుసుము విధించి, ఏటేట నూరు వంతున పెంచి, 2020 నాటికి నాలుగువందలు చేసెను. అదే యేట జూలై 1న విలువ ఆధారిత పన్ను నూటికి ఐదునుండి పదునైదైనది. భార్యయు ఇద్దరు పిల్లలును గలవాడు ఆ రుసుమునకే నెలకు పండ్రెండువందల రియాళ్లు చెల్లించుకొనవలెను. దీనిని తాళలేక హైదరాబాదు కుటుంబములు భార్యాపిల్లలను ఇంటికి పంపివేసి, పురుషుడొక్కడే ఒక గదిలో నలుగురితో మిగిలిపోవుట సాధారణమైనది.

అతడు అక్కడ పదునైదేండ్లున్నను, ముప్పదియేండ్లున్నను ముల్కీ కాడు. 2019లో ఆ దేశము పరదేశులకు స్థిరనివాసపు హక్కు నొకటి ప్రకటించినది; దాని వెల ఎనిమిది లక్షల రియాళ్లు, ఒక్క యేటికే కావలెనన్న లక్ష రియాళ్లు. నిజాము ప్రభుత్వము అడిగినది కాలమును, ప్రమాణమును. ఇది అడుగునది ధనమును. బస్తాలు మోసి, సిమెంటు కలిపి బ్రదుకు జగిత్యాల కూలివాడు ఆ ధనము తన యాయుర్దాయమంతయు కూడబెట్టినను చేర్చలేడు; కావున ఒప్పందపు గడువు ముగిసిననాడు అతడు తిరుగుటిక్కెట్టు తీసికొనును, అతని స్థానమున అతని తమ్ముడో కొడుకో పాస్‌పోర్టు కార్యాలయము ముందు వరుసలో నిలుచును.